అతిథులు కానివాళ్ళ భోజనం

హోటల్ ద్వీపం,
ఉద్యోగుల గదులు.

పిచ్చుకా,

క్షేమంగా చేరాను. పడవలో కడుపు తిప్పలేదు. నువ్వు మొదట అడిగేది అదేనని ముందే చెప్పేస్తున్నాను. నాతోపాటు కూరగాయల బుట్టలు, ఐసు పెట్టెల్లో చేపలు కూడా వచ్చాయి. రేవులో ముందు వాటిని దించి, ఆ తర్వాత మమ్మల్ని దించారు. ఎండకి చేపలు పాడైపోతాయి కదా, మనుషులైతే ఆగుతారు.

ఫోన్ కోసం చూడకు. సిబ్బంది ఫోన్లు గేటు దగ్గర పెట్టుకుని సెలవు రోజున ఇస్తారు. ఇచ్చినా లాభం లేదు, సిగ్నల్ కూడా అతిథుల వైపే వెళ్ళి కూర్చుంటుంది. కూరగాయలు తెచ్చే పడవే ఉత్తరాలు కూడా మోస్తుందట. కాబట్టి మనిద్దరం మళ్ళీ పాతకాలం మనుషులమైపోదాం.

ఇక్కడి తిండి చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి. ఫలహారాల హాలుకి సముద్రం వైపు గోడే లేదు. రొట్టెల్లోనే ఎన్ని రకాలో! రకానికో బుట్ట, బుట్టకో తెల్లటి గుడ్డ. పుచ్చకాయను పువ్వులా చెక్కి నిలబెడతారు. అది తినడానికి కాదట, చూడటానికట. అడిగినట్టు గుడ్డు వేసివ్వడానికే ప్రత్యేకంగా ఒక మనిషి ఉన్నాడు. నిన్న ఒకాయన పచ్చసొన తీసేసి వెయ్యమన్నాడు. వెనకే నిలబడ్డ భార్య తెల్లసొన వద్దంది. ఒక్క గుడ్డు ఇద్దరికీ సరిపోయేది, రెండు పగలగొట్టారు.

మీ అన్నయ్య ఉంటే ఆ బల్ల ఈ చివర మునిగి ఆ చివర తేలేవాడు.

నా గదికి కిటికీ ఉంది. తిండికంటావా, వంటమనిషికి లోటేమిటి? నువ్వు మాత్రం పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచి తినకు. పళ్ళెంలో పెట్టుకుని కూర్చుని తిను.

నీ వదిన

*

ఇల్లు,
సైకిల్ షాపు మేడ మీద.

వదినా,

నీ ఉత్తరం బస్సు డిపోకి పట్టుకెళ్ళి అందరికీ చదివి వినిపించాను. గుడ్డు సంగతికి నవ్వుతూ కూర్చుంటే టికెట్ల కిటికీ బయట జనం అరిచారు.

అంతా బాగుంది గానీ ఒక అనుమానం. బల్ల గురించి రాశావు, గుడ్డ గురించి రాశావు, ఎవరో వేసిన గుడ్డు గురించి రాశావు. నువ్వేం వండావో రాయలేదు. స్కూలు హాస్టల్లో వండే రోజుల్లో ఇంటికి రాగానే ఎవరు రెండోసారి పెట్టించుకున్నారో, ఎవరు వంకాయ పక్కకి నెట్టారో వేళ్ళు మడిచి చెప్పేదానివి. ఇప్పుడు నీ కూర తిని ఎవరేమన్నారో ఒక్క ముక్క లేదు. ఆ అతిథులకి నాలుకలు లేవా?

నువ్వు వెళ్ళాక ఇల్లు పెద్దదైపోయింది. రెండు గదుల ఇల్లు పెద్దదవడమేమిటని నవ్వకు. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి నీ చేత నాలుగు ముద్దలు తినిపించడమే నాకు పెద్ద ఉద్యోగంగా ఉండేది. ఇప్పుడు డిపో నుంచి వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుంటాను. తర్వాత ఏం చెయ్యాలో తోచదు. మళ్ళీ కడుక్కుంటాను.

అన్నట్టు, మన తలుపు గొళ్ళెం ఊడిపోయింది. డిపోలో టైర్లు మార్చే మేస్త్రీ వచ్చి బిగించి వెళ్ళాడు. టీ తాగమంటే వద్దన్నాడు. తర్వాత తాగాడనుకో.

నీ పిచ్చుక

*

ఉద్యోగుల గదులు.

పిచ్చుకా,

అతిథులకి నాలుకలున్నాయి. కాకపోతే వాళ్ళు పళ్ళెం వైపే చూస్తారు, వండిన మనిషి ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చి మెచ్చుకోవడానికి ఇదేమన్నా హాస్టలా? నాకు పరీక్షలు పెట్టడం మానెయ్.

నాతో గదిలో ఇంకొకావిడ ఉంటుంది. లాండ్రీలో పని, బల్లల మీది గుడ్డలకి ఇస్త్రీ చేస్తుంది. తలుపులోంచి తల వంచి వచ్చేంత పొడుగు. నేను పొడుగావిడ అని పిలుస్తాను. ఆమె భాష నాకు అర్థం కాదు, నా భాష ఆమెకి అర్థం కాదు. అయినా మాట్లాడుకుంటాం. ఆమె ఏదో పెద్ద కథ చెబుతుంది, నేను "అయ్యో" అంటాను. చాలాసార్లు అది సరిగ్గా అతుకుతుంది.

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక ఇద్దరం కలిసి తింటాం. నా కోసం కావాలనే ఆలస్యంగా వస్తుంది. కూరలో మిరపకాయలన్నీ ఏరి పళ్ళెం అంచున వరసగా పేర్చి, నేనేదో నేరం చేసినట్టు వాటిని వేలితో చూపిస్తుంది. మొదటి రోజు వడ్డిస్తూ "సరిపోతే 'చాలు' అను, చాలు" అని నేర్పానా, అది నా పేరనుకుంది. ఇప్పుడు లాండ్రీ మొత్తానికి నేను చాలు. పొద్దున్నే "గుడ్ మార్నింగ్ చాలు" అంటారు. అన్నం పెట్టే మనిషికి ఇంతకంటే అవమానం ఉంటుందా చెప్పు?

నేను రెండేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టాను. ఆ తర్వాత ఉండమన్నా ఉంటాను. ఇంత హాయిగా ఎక్కడ జరుగుతుంది? నా కోసం ఎదురుచూడకు. నా మంచం అడ్డంగా ఉంటే ఎవరికైనా ఇచ్చెయ్.

నీ వదిన

*

ఇల్లు.

వదినా,

నీ మంచం ఎవరికీ ఇవ్వను. దాని మీద నా ఉతికిన బట్టలున్నాయి, వాటిని మడత పెట్టే ఓపిక వచ్చాక ఆలోచిద్దాం.

నిజంగానే అక్కడ అంత బాగుందా? రెండేళ్ళూ రావా? మధ్యలో విసుగొచ్చి వచ్చెయ్యాలని అనిపించదా? ఒకటికి నాలుగుసార్లు అడుగుతున్నానంటే కారణం ఉంది. అదేమిటో ఇప్పుడు చెప్పను. నువ్వు బాగున్నానంటే నమ్ముతాను. నమ్మడం నాకిప్పుడు అవసరం.

పొడుగావిడకి నా నమస్కారం చెప్పు. ఎలా చెబుతావో నీ ఇష్టం.

పిచ్చుక

*

ఉద్యోగుల గదులు.

పిచ్చుకా,

ఈ ఉత్తరం తీరిగ్గా కూర్చుని చదువు.

నేను ఇక్కడ అతిథులకి వండటం లేదు. ఒక్క పూట కూడా వండలేదు. వచ్చిన రోజే నన్ను సిబ్బంది మెస్సుకి పంపించేశారు. లాండ్రీ వెనక రేకుల షెడ్డు, ఆవిరి, సబ్బు వాసన. ఆ ఫలహారాల హాలుని గ్యాసు బండ వెంట వెళ్ళినప్పుడు తలుపు సందులోంచి చూశానంతే. నీకు రాసిన ముచ్చట్లన్నీ గుడ్లు వేసే అతను చెప్పినవి.

మెస్సులో రోజూ ఒకటే. అన్నం, నీళ్ళ పప్పు, క్యాబేజీ. గోడ పొడుగునా ఒక చెక్క కొట్టారు, అందరూ గోడ వైపు తిరిగి తింటారు. గంట కొట్టగానే ఒక జట్టు లేస్తుంది, ఇంకో జట్టు కూర్చుంటుంది. పక్కవాడి మొహం ఎలా ఉంటుందో తెలియకుండానే ఏళ్ళు గడిపిన వాళ్ళున్నారు. అటు అతిథులు వదిలేసింది మాత్రం డ్రమ్ముల్లో పోస్తారు. ముట్టని చేపలు, ముట్టని కేకులు. ఎవరూ ఏరుకోకుండా దాని మీద సబ్బునీళ్ళు పోస్తారు. మొదటిసారి చూసినప్పుడు మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఇదంతా నీకెందుకు రాయలేదంటే, రాస్తే వచ్చెయ్యమంటావు. వస్తే మళ్ళీ నా పళ్ళెం ముందు కూర్చుని బతిమాలుతావు.

నేను తట్టుకున్నది పొడుగావిడ వల్ల. ఆమె వచ్చాక మేమిద్దరం ఆ గోడ వదిలేసి, ఎదురెదురుగా రెండు బకెట్లు బోర్లించుకుని తినేవాళ్ళం.

పోయిన వారం నాకు జ్వరం వచ్చింది. పప్పు వాసనే పడలేదు. రెండు రోజులు మంచినీళ్ళతో గడిపాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి, తన భాషలో బాగా తిట్టి, పనికి వెళ్ళింది. ఆ రోజు ఒక కాటేజీకి దుప్పట్ల కోసం వెళితే గుమ్మం బయట పెట్టేసిన ట్రే ఉందట. మూత తియ్యని సూపు గిన్నె, పక్కన మెత్తటి రొట్టె. డ్రమ్ములోకి పోవాల్సిందే. ఆ గిన్నె దుప్పట్ల మూటలో పెట్టుకుని తెచ్చింది. నా తల తన ఒళ్ళో పెట్టుకుని చెంచాతో తాగించింది. పిచ్చుకా, ఎన్నాళ్ళ తర్వాతో ఆకలి అంటే ఏమిటో తెలిసింది నాకు. గిన్నె అడుగు దాకా తాగాను.

ఖాళీ గిన్నె తిరిగి పెట్టడానికి వెళుతుంటే కాపలావాడు మూట విప్పించాడు.

నాకు తెలిసేసరికి తెల్లారింది. లేచి భోజనాల మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాడు. మన భాషే మాట్లాడతాడు. నన్ను కూర్చోమన్నాడు కూడా.

"ఆ సూపు తాగింది నేను సార్," అన్నాను. "ఆవిడ తన కోసం తేలేదు. పంపిస్తే నన్ను పంపించండి."

"మీరు తాగినా ఆవిడ తాగినా ఒకటేనమ్మా. ఇవాళ ఊరుకుంటే రేపు అందరూ తెస్తారు."

"తెస్తే ఏమవుతుంది సార్? పారబొయ్యాల్సిందే కదా?"

"పారబొయ్యాల్సింది కూడా హోటల్‌దేనమ్మా," అన్నాడు, నాకు లెక్కలు రావని జాలిపడుతున్నట్టు. "ఆవిడని పడవ ఎక్కించేస్తున్నారు. మీరు వెళ్ళి పడుకోండి, జ్వరంగా ఉన్నారు."

పడుకోలేదు. మెస్సులోకి పరుగెత్తి, డబ్బాలో అన్నం పెట్టి, మిరపకాయలు ఏరేసి కూర పెట్టి రేవుకి వెళ్ళాను. గేటు దగ్గర కాపలావాడు డబ్బా మూత తీసి చూశాడు. సిబ్బంది అన్నమే అని నమ్మడానికి అతనికి కాసేపు పట్టింది. ఆలోగా తాడు విప్పేశారు. పడవలో ఆమె ఖాళీ కూరగాయల బుట్టల మధ్య నిలబడి ఉంది, అందరికంటే పొడుగ్గా. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి "చాలు! చాలు!" అని అరిచింది. నన్ను పేరు పెట్టి పిలిచిందని నాకొక్కదానికే తెలుసు. రేవులో మిగతావాళ్ళకి అది ఏ భాషో కూడా తెలియదు.

ఆమెది ఏ ఊరో నాకు తెలియదు. రోజూ ఎదురుగా కూర్చునే మనిషిని ఊరు అడగాలని తోచదు కదా.

ఆ డబ్బాలో అన్నం తీసుకుని గదికి వచ్చాను. ఎదురు మంచం మీద పరుపు కూడా తీసేశారు. ఒక్క ముద్ద దిగలేదు. ఇప్పటికీ దిగడం లేదు. నెలాఖరుకి మానేస్తానని చెప్పేశాను. సంతకం పెట్టినా సరే పొమ్మన్నారు, నా లాంటి వాళ్ళకి కొరతేముంది? ఇంటికి వచ్చేస్తున్నాను. నువ్వు ఎదురుగా కూర్చుంటే తింటాను. నా మంచం మీద బట్టలు తియ్యి.

వదిన

*

ఇల్లు.

వదినా,

అక్కడ గాలివాన అనీ, పడవలు ఆగిపోయాయనీ రేడియోలో విన్నాను. నీ ఉత్తరం రాక చాలా రోజులైంది. నీ జవాబు చూశాకే రాద్దామనుకున్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను. చదివి కోప్పడు, ఫరవాలేదు.

గొళ్ళెం బిగించిన మేస్త్రీ లేడూ? నేను ఆయన్ని పెళ్ళి చేసుకుంటున్నాను.

రాసేశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.

నలభై దాటాక ఇదేం బుద్ధి అనుకుంటావని, అన్నయ్య పోయి ఎన్నాళ్ళో కాలేదు అంటావని భయపడి ఇన్నాళ్ళూ దాచాను. ఆయనకి భార్య పోయి చాలా ఏళ్ళయింది. మాటలు తక్కువ. మొదటిసారి ఇంట్లో తిన్నప్పుడు తన పళ్ళెంతోపాటు నాదీ కడిగి బోర్లించాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మన ఇంట్లో నా పళ్ళెం కడిగినవాళ్ళు నువ్వు తప్ప ఎవరూ లేరు.

ఆయనకి వేరే ఊరి డిపోకి బదిలీ అయింది. నేనూ అక్కడికే మార్పించుకున్నాను. వచ్చే నెల మొదట్లో రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఇంటావిడకి చెప్పేశాను. నువ్వు అక్కడ హాయిగా ఉన్నావు, రెండేళ్ళ దాకా రానన్నావు అనే ధైర్యంతోనే ఇదంతా చేశాను. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నేను ఈ మాట నోటితో కూడా అనేదాన్ని కాదు.

సంతకాలకి వస్తావా? పెద్దవాళ్ళంటూ నాకు మిగిలింది నువ్వే.

నీ పిచ్చుక

*

ఇల్లు.

వదినా,

నా ఉత్తరం డబ్బాలో వేసిన మూడో రోజున నీది వచ్చింది. రెండూ దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్ళిపోయాయన్నమాట.

నీ ఉత్తరం చదివి మెట్ల మీదే కూర్చున్నాను. సైకిల్ షాపతను వచ్చి ఎవరైనా పోయారా అని అడిగాడు. నీ మీద ఎంత కోపం వచ్చిందో తెలుసా? గోడ వైపు తిరిగి నీళ్ళ పప్పు తింటూ నాకు పుచ్చకాయ పువ్వులు రాస్తావా? రోజూ డిపోలో "మా వదిన పెద్ద హోటల్లో" అని గొప్పలు చెప్పుకున్నాను. అక్కడ నీ గొంతు ఎండిపోతుంటే ఇక్కడ నేను కొత్త చీర రంగు చూసుకుంటున్నాను.

సంతకాలు ఆపేస్తానని ఆయనతో చెప్పాను. ఆయన "మీ వదినగారు కూడా మనతోనే వస్తారు. కిటికీ ఉన్న గది ఆవిడకి ఇద్దాం," అన్నాడు. అంతే అన్నాడు. కొత్త ఊళ్ళో ఇంటికి కిటికీ ఉన్న గది ఒకటే ఉంది వదినా, నేను చూశాను.

వచ్చెయ్. ఎప్పుడు పడవ దిగుతావో రాయి. నేను రేవుకి వస్తాను. నువ్వు వచ్చి కుదుటపడ్డాకే పెళ్ళి. లేకపోతే లేదు.

పిచ్చుక

*

ఉద్యోగుల గదులు.

పిచ్చుకా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే పడవలో వచ్చాయి. వరస తప్పి రెండోది ముందు చదివాను. నీ పెళ్ళి ఆగిపోతోందని అర్థమైంది గానీ ఎవరితోనో అర్థం కాలేదు. మొదటిది చదివాక మెస్సులో గట్టిగా నవ్వేశాను. గోడ వైపు తిరిగిన వాళ్ళందరూ ఇటు తిరిగి చూశారు. గొళ్ళెం మాట చదివినప్పుడే తెలుసుకోవాల్సింది. నా గొడవలో నేను పడి నీ గొంతు వినలేదు.

అబద్ధం చెప్పను, నవ్విన తర్వాత ఏడ్చాను కూడా. ఆ రెండు గదులూ ఇక లేవనుకుంటే కాళ్ళ కింద ఏమీ లేనట్టు అనిపించింది. అది కాసేపే. ఇప్పుడు చెబుతున్నది శ్రద్ధగా విను.

సంతకాలు ఆపకు. నా కోసం నువ్వు ఏదైనా ఆపుకున్నావంటే నేను నీ ఇంట్లో గుటక కూడా మింగలేను. వాటి ముందు రోజుకి నేను వస్తాను. ఆ పూట వంట నాది. ఆయనకేం ఇష్టమో కనుక్కుని రాయి.

మీతో ఉండటానికి మాత్రం రాను. మీ ఆయన మంచివాడు, కిటికీ ఇస్తాడు. కానీ నేను ఆ ఇంట్లో ఉంటే నువ్వు మళ్ళీ నా పళ్ళెం వంకే చూస్తూ కూర్చుంటావు, నీ అన్నం చల్లారిపోతుంది. ఇప్పుడు నువ్వు చూడాల్సిన పళ్ళేలు వేరే ఉన్నాయి.

హోటల్ మానెయ్యడం ఖాయం. సబ్బునీళ్ళ డ్రమ్ముల పక్కన ఇక వండలేను. అవతలి ఒడ్డున పడవ దిగేచోట చిన్న భోజనశాల ఉంది. జ్వరం మందు కోసం ఒడ్డుకి వెళ్ళినప్పుడు అక్కడ కూర్చున్నాను. యజమానురాలికి మోకాళ్ళు పోయాయి, వంటకి మనిషి కావాలి. నన్ను ఒక కూర చేసి చూపించమంది. తిని, "ఎప్పట్నుంచి వస్తావ్?" అంది. మాట్లాడుకోవడం అంతే. పైన గది కూడా ఇస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ చుట్టుపక్కల ద్వీపాల్లో ఏ హోటల్‌కి వెళ్ళాలన్నా ఆ రేవు మీదుగానే వెళ్ళాలి. పొడుగావిడ మళ్ళీ ఎక్కడైనా పనికి కుదిరితే అక్కడ దిగాల్సిందే. వస్తుందని కాదు. వస్తే నేను ఉండాలని.

వదిన

*

రేవు,
భోజనశాల మేడ గది.

పిచ్చుకా,

నువ్వు కొత్త ఊళ్ళో సర్దుకున్నావని, కుళాయి నీళ్ళు ఉప్పగా ఉన్నాయని రాశావు. పప్పు త్వరగా ఉడకదు, ముందే నానబెట్టు. మీ ఆయన సంతకాల పూట మూడోసారి కూర వేయించుకున్న సంగతి ఇక్కడ యజమానురాలికి చెప్పాను. "అయితే మంచివాడే," అని తేల్చేసింది.

నా సంగతి నిజంగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. తింటున్నాను. కొన్ని పూటలు సగమే. పడవ వచ్చినప్పుడు గది నిండా జనం, గోల, "అమ్మా ఇటు అన్నం" అని కేకలు. ఎవరూ గోడ వైపు తిరగరు. పడవ వెళ్ళిపోతే ఈగ కూడా ఉండదు. వచ్చిన ప్రతి పడవ వైపూ గుమ్మంలోంచి చూస్తాను. పొడుగ్గా ఎవరు కనబడినా గరిటె చేతిలోనే ఉండిపోతుంది. ఇంతవరకూ ఆమె కాదు. పడవవాళ్ళని అడిగాను. తన సంచి తీసుకుని బస్సుల వైపు నడిచిందని మాత్రం ఒకతను చెప్పాడు.

ఇవాళ పొద్దున కొత్తగా పనికి కుదిరిన ఆడపిల్లలు కొందరు పెట్టెలతో బస్సు దిగి వచ్చారు. నా పాత హోటల్‌కే వెళుతున్నారు. ద్వీపం పడవకి ఇంకా టైముందని భోజనానికి కూర్చున్నారు. ఒకటే నవ్వులు. అందులో మన మాట తెలిసిన అమ్మాయి ఒకతి, జడ ముందుకి వేసుకుని నా వైపు తిరిగింది.

"ఆంటీ, అక్కడ తిండి చాలా బాగుంటుందటగా? పుచ్చకాయల్ని పువ్వుల్లా కోస్తారట!"

"అతిథులకి బాగుంటుందమ్మా," అన్నాను.

"మరి మనకి?"

నీకైతే కాగితం మీద ఎంత అందంగా రాసేశానో! ఈ పిల్ల కళ్ళు నా మొహంలోనే ఉన్నాయి.

"మనకి బాగుండదు," అన్నాను. "అన్నం, నీళ్ళ పప్పు. ఆకలేసినప్పుడు దాన్నే తినాలి. ఒక్కదానివే మాత్రం తినకు. భాష రాకపోయినా సరే, ఎవరో ఒకరి ఎదురుగా కూర్చో."

మిగతా పిల్లలకి ఆ అమ్మాయి ఏదో చెప్పింది. అందరూ ఒక్క క్షణం నవ్వు ఆపి నన్ను చూశారు. తర్వాత ఆ అమ్మాయి పళ్ళెం ముందుకి జరిపి, "అయితే ఇంకొంచెం పెట్టండి ఆంటీ," అంది. పెట్టాను. అడిగిన వాళ్ళందరికీ పెట్టాను. ఇంతలో పడవ కూత పెట్టింది. గబగబా చేతులు కడుక్కుని, పెట్టెలు ఈడ్చుకుంటూ పరుగెత్తారు. పడవ మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే ఉన్నాను.

సాయంత్రం పడవ దాకా ఇక ఎవరూ రారు. యజమానురాలు నడుం వాల్చింది. బల్లలు తుడిచాను. నా అన్నం నేనే వడ్డించుకుని, పళ్ళెం పక్కన కాగితం పెట్టుకుని నీకు రాస్తున్నాను. ఒక ముద్ద తిని ఒక వాక్యం, ఒక వాక్యం రాసి ఒక ముద్ద. ఈ వేళకి ఇక్కడ చాలా నిశ్శబ్దంగా ఉంటుంది, పిచ్చుకా.

నీ వదిన